ఈలీలో ముగ్గురికి టేబుల్

కిందటి వారం మనం షీనాని యూనివర్సిటీ లైబ్రరీలో, లాప్‌టాప్ ముందు, సగం కొరికిన శాండ్‌విచ్ చేత్తో పట్టుకుని బిక్కమొహం వేసుకున్న దగ్గర వదిలేశాం. వారం రోజులూ ఆ పిల్ల అలాగే కూర్చుని ఉందేమోనని బెంగపెట్టుకున్న పాఠకులకు ఒక మాట. కథలో గడిచింది మూడు గంటలే. శాండ్‌విచ్ చెత్తబుట్టలోకి వెళ్ళింది, అయోమయం మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది చెప్పుకుందాం. భూగోళం కింది సగంలో ఉన్న టూవూంబా అనే ఊళ్ళో నర్సింగ్ మూడో ఏడాది చదువుతున్న షీనాకి వాళ్ళమ్మ మరియరాణి ఒక పని అప్పజెప్పింది. జూలై పద్నాలుగున అమ్మానాన్నల పెళ్ళికి పాతికేళ్ళు. ముగ్గురూ ఇంగ్లండు వెళ్తున్నారు. ఆ రోజు సాయంత్రం భోజనం లండన్‌లో కాదు, ఈలీ అనే చిన్న ఊళ్ళో చెయ్యాలి. అక్కడున్న వాటిలో మంచి ఫైన్ డైనింగ్ రెస్టారెంటు వెతికి ముగ్గురికి టేబుల్ పట్టాలి. నాన్నకి చెప్పకూడదు, సర్‌ప్రైజు. ఇదీ అమ్మ ఆజ్ఞ.

ఈలీ అంటే ఎంత ఊరనుకున్నారు! మన టూవూంబాలో ఆరో వంతు కూడా ఉండదు. ఊరికి మించిన కథీడ్రల్ ఒకటి, పక్కన నది, నాలుగు వీధులు. "ఆ ఊరే ఎందుకు మమ్మీ?" అంటే, "చర్చి బావుంటుందంటగా" అంది మరియరాణి. సరే, చర్చి బావుంటుంది. పిజ్జా తెప్పిస్తేనే ఇంట్లో పులుసు పెట్టుకుంటే పోయేదని సణిగే మనిషికి ఏడు రకాలు ఒక్కొక్కటిగా, ఒక్కొక్క చెంచాడు వడ్డించే భోజనం మీద మోజెందుకు పుట్టింది? అదీ షీనాకి అర్థం కాలేదు.

వెతికింది పాపం. మొదట నది ఒడ్డునున్న రెస్టారెంటు చూపిస్తే, "నీళ్ళ పక్కన చలి" అంది అమ్మ. జూలైలో అక్కడ ఎండాకాలం. కథీడ్రల్ గేటు పక్కనున్నది చూపిస్తే, "మెనూలో ఆ పాములాంటి చేప ఉంది, నాకొద్దు" అంది. నర్సాపురంలో పుట్టి చేపలకి వంక పెట్టిన మొదటి మనిషి ఈవిడే అయ్యుండాలి. అయితే ప్రతిసారీ ఆ వంకకి ముందు ఒక ప్రశ్న వేసేది. "జవాబు ఎవరిచ్చారు? కింద పేరేం రాసుంది?" షీనా ఆ పేరు చదివేది. వెంటనే అమ్మ మొహంలో ఆసక్తి ఆరిపోయేది, వంక పుట్టేది.

మూడోది ఆల్డర్ హౌస్. దాని మేనేజరు దగ్గర్నుంచి ఇవాళ జవాబొచ్చింది. "పద్నాలుగో తారీకు సాయంత్రానికి ఒక్క టేబుల్ ఉంది. మా సమయం ఉదయం పది లోపల కింది బటన్ నొక్కి ఖాయం చేసుకోకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం. దంపతుల పేర్లు పంపితే మెనూ కార్డు మీద అచ్చు వేయిస్తాం." అక్కడ ఉదయం పది అంటే ఇక్కడ సాయంత్రం ఏడు. సంబరం పట్టలేక షీనా ముందు పేర్లు పంపేసింది, 'జ్ఞానరాజు, మరియరాణి, ఇరవై ఐదేళ్ళు' అని. పంపేశాక కింద సంతకం చూసింది.

'ఏతాన్ నేతల జ్ఞానరాజు, మేనేజరు.'

ఇదిగో, ఇక్కడే శాండ్‌విచ్ ఆగిపోయింది.

ఎందుకో చెప్తాను. నేతల అనేది వీళ్ళ ఇంటిపేరు. జ్ఞానరాజు షీనా వాళ్ళ నాన్న సొంత పేరు. మనకి ముందొచ్చేది ఇంటిపేరు, తర్వాతొచ్చేది మనిషి పేరు. ముప్పై ఏళ్ళ కిందట మొదటి పాస్‌పోర్టుకి ఫారం నింపేటప్పుడు ఆయన ఆ లెక్కలోనే మొదటి గడిలో నేతల, చివరి గడిలో జ్ఞానరాజు అని రాసుకుంటూ పోయాడు. దాంతో పరాయి దేశంలో అడుగు పెట్టిన రోజు నుంచి ఆయన సొంత పేరే ఇంటిపేరైపోయింది. ఆయన పనిచేసే ఆస్పత్రిలో అందరూ ఆయన్ని 'నేతల' అనే పిలుస్తారు, కొందరు ముద్దుగా 'నెట్' అంటారు. పెళ్ళాం మిసెస్ జ్ఞానరాజు అయింది, కూతురు షీనా జ్ఞానరాజు అయింది. అది వంశం పేరు కాదు, తాతముత్తాతల నుంచి వచ్చింది కాదు. ఒకే ఒక్క మనిషి, ఒక ఫారంలో చేసిన ఒకే ఒక్క పొరపాటు. ఆ పొరపాటు ఇంటిపేరుతో సహా మోస్తున్న మనిషి భూమ్మీద ఇంకొకడు ఉన్నాడంటే వాడు ఎవరి కొడుకై ఉంటాడో ఊహించడానికి షీనాకి నర్సింగ్ చదువు అక్కర్లేకపోయింది.

ఇంటర్నెట్‌లో వెతికితే ఫొటో కూడా దొరికింది. ఆ ఊరి పత్రిక వాళ్ళు వేసిన వ్యాసం, 'ఇరవై ఆరేళ్ళకే మేనేజరు' అని. చామనఛాయ, ఉంగరాల జుట్టు, నల్ల కోటు. ఇరవై ఆరు! పెళ్ళికి ముందే అన్నమాట. షీనా ఆ ముక్కు చూసింది, డాడీ ముక్కే అనుకుంది. చెవులు చూసింది, డాడీ చెవులే అనుకుంది. భయం పట్టుకున్న కళ్ళకి ఎక్కడ చూసినా డాడీయే కనిపించాడు.

డాడీ! ఆదివారం చర్చిలో కానుకల సంచీ పట్టుకుని తిరిగే మనిషి. అబద్ధం చెప్పాల్సొస్తే చెవులు ఎర్రబడే మనిషి. ఇంత పెద్ద కొడుకుని ఇంగ్లండులో దాచిపెట్టి పాతికేళ్ళుగా ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడా? పిచ్చి మమ్మీ ఏమీ తెలియక, చర్చి బావుంటుందని, ఏరికోరి ఆ ఊరికే, ఆ టేబుల్ దగ్గరికే వెళ్ళి కూర్చోబోతోంది. టేబుల్ ఖాయం చేస్తే మమ్మీ బతుకు తన చేత్తో తనే తగలబెట్టినట్టు. చెయ్యకపోతే ఏడింటికి టేబుల్ పోతుంది, ఎందుకు పోయిందని మమ్మీ అడుగుతుంది. ఏడు లోపల ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఆరుంబావుకి ఆస్పత్రి వెనక గేటు దగ్గర కారు ఆపింది. ఇంట్లో ఉన్నది ఒకే కారు. షీనాకి క్లాసులున్న రోజున డాడీని డ్యూటీ దగ్గర దింపడం, తీసుకెళ్ళడం ఆమె పనే. జ్ఞానరాజు ఆపరేషన్ థియేటర్ టెక్నీషియను. లంచ్ బాక్సు ఊపుకుంటూ వచ్చి, తలుపు తీసి కూర్చుని, చేతులు రుద్దుకున్నాడు. మే నెలాఖరంటే ఇక్కడ చలికాలం మొదలు, పైగా కొండ మీద ఊరు, చలి గట్టిగానే ఉంది.

"హీటర్ వెయ్యమ్మా. ఇవాళ శుక్రవారం కదా, ఏడున్నరకి మనింట్లో ప్రార్థన. మీ మమ్మీ ఫోన్ చేసింది, కొత్తిమీరా పెరుగూ తెమ్మంది. ద్వారకానాథ్ అంకుల్ వాళ్ళు కూడా వస్తారంట. ఆయనకి మన ప్రార్థన కంటే మీ మమ్మీ పులిహోర మీద నమ్మకం ఎక్కువ."

మామూలుగా అయితే షీనా నవ్వేది. ఇవాళ గేరు వేసి కారు ముందుకి పోనిచ్చింది.

"ఏంటమ్మా, ఉలుకూ పలుకూ లేదు? అసైన్‌మెంట్ పోయిందా?"

"లేదు డాడీ."

"మరి? ఎవడైనా ఏమైనా అన్నాడా? చెప్పు, నేను మాట్లాడతాను."

'నువ్వే మాట్లాడాలి' అనుకుంది షీనా. సూపర్‌మార్కెట్ కార్ పార్కులోకి తిప్పి, ఓ మూలకి తీసుకెళ్ళి ఆపింది. జ్ఞానరాజు సీటు బెల్టు తీసి దిగబోతుంటే తలుపులకి లాక్ వేసేసింది. టక్కుమని చప్పుడైంది. ఆయన చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

"డాడీ, నువ్వు పెళ్ళికి ముందు ఇంగ్లండులో ఎక్కడుండేవాడివి?"

"కేంబ్రిడ్జ్ వైపు. ఎన్నిసార్లు చెప్పలేదు?"

"కేంబ్రిడ్జ్ వైపంటే ఎక్కడ?"

"అదేనమ్మా, ఆ చుట్టుపక్కల చిన్న ఊరు. ఇప్పుడెందుకు?"

కారు లోపలి దీపం ఇంకా ఆరలేదు, ఆ వెలుగులో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. షీనా మాటలు పేర్చుకుని అడుగుదామనుకున్నదంతా మర్చిపోయింది. ఫోన్ తెరిచి ఆ ఈమెయిల్ ఆయన మొహం ముందు పెట్టేసింది.

"హూ ఈజ్ హీ, డాడీ?"

జ్ఞానరాజు చొక్కా జేబు తడుముకుని కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చివరి లైను దగ్గర వేలు పెట్టి, ఆ మూడు మాటల మీద అటునుంచి ఇటు ఒకసారి జరిపాడు.

"మేనేజరా? మేనేజరయ్యాడా!" అన్నాడు చాలా నెమ్మదిగా.

అంతే. షీనాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంటే నిజమేనా? ఐ కాంట్ బిలీవ్ దిస్! నేనింకా నువ్వు కాదంటావేమో, తిడతావేమో అనుకున్నా. నువ్వేంటి గర్వపడుతున్నావ్? మమ్మీ సంగతేంటి? సిల్వర్ జూబ్లీ అని తీసుకెళ్ళి మమ్మీకి ఆ అబ్బాయి చేత సూప్ పోయించాలా? మమ్మీ చచ్చిపోతుంది డాడీ! షి విల్ డై!"

"అరవకమ్మా."

"అరుస్తాను. మమ్మీకి తెలిస్తే..."

"మీ మమ్మీకి తెలుసు."

పక్కన ఎవరో ట్రాలీ తోసుకుంటూ వెళ్ళారు.

"తెలుసా? తెలిసి... తెలిసి నిన్ను క్షమించిందా?"

జ్ఞానరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలకేమీ మరకల్లేవు. "నన్ను క్షమించడానికేం లేదమ్మా. ఆ అబ్బాయి నా కొడుకు కాదు."

"నీ పేరుంది. ఇంటిపేరుతో సహా ఉంది!"

"ఉంది. ఇచ్చింది నేనే. ఏతాన్ అని వాళ్ళమ్మ పెట్టింది. మిగతా రెండూ నేను రాశాను. మా ఇంటిపేరు కూడా ఉండాలని పట్టుబట్టి మరీ రాశాను."

"కొడుకు కాకపోతే పేరెందుకిచ్చావ్? ఇట్ మేక్స్ నో సెన్స్ డాడీ!"

"పుట్టినప్పుడు రిజిస్టరు ఆఫీసుకి వెళ్ళాలమ్మా. తండ్రి పేరు చెప్పకపోతే ఆ గడిలో గీత గీసేస్తారు. ఆ గీత సంగతి తెలిసినప్పటి నుంచి ఆ పిల్ల ఒకటే ఏడుపు. చూళ్ళేకపోయాను. నా పేరు రాసుకో, నాదేం పోయింది అన్నాను."

"ఏ పిల్ల? ఎవరా అమ్మాయి?"

జ్ఞానరాజు అద్దం లోంచి కార్ పార్కు వైపు చూశాడు, లంచ్ బాక్సు మూత పట్టి చూసుకున్నాడు, మళ్ళీ కూతురి వైపు తిరిగాడు. పాతికేళ్ళుగా నోట్లో పెట్టుకున్న మాట. అంత తేలిగ్గా వస్తుందా?

"మీ అమ్మేనమ్మా" అన్నాడు.

షీనాకి మొదట ఆ మాట ఎక్కనే లేదు. మీ అమ్మ అంటే ఎవరమ్మ? తన అమ్మ మమ్మీ. మమ్మీ అంటే ఇంట్లో పులిహోర కలుపుతున్న మరియరాణి, నర్సాపురం పాస్టరుగారి పెద్దకూతురు, స్కర్టు మోకాలి మీదకి వస్తే షీనాని గుమ్మం దాటనివ్వని మనిషి. ఆ మమ్మీకీ ఈ కార్లో జరుగుతున్న మాటలకీ సంబంధం ఏమిటి? తల ఒకవైపు తిరుగుతుంటే కారు ఇంకోవైపు తిరుగుతున్నట్టయింది. స్టీరింగు గట్టిగా పట్టుకుంది. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. మూడు గంటలుగా డాడీ మీద పెంచుకున్న కోపమంతా ఇప్పుడు దిక్కు లేకుండా పోయింది.

ఫోన్‌లో ఆ ఫొటో మళ్ళీ తెరిచింది. ముక్కు డాడీది కాదు. అసలు ఏ కోశానా డాడీ కాదు. ఆ కనుబొమలు మాత్రం... అద్దంలో రోజూ తను చూసుకునేవే.

"చెప్పు డాడీ. మొత్తం చెప్పు" అంది.

చెప్పాడు. ఈలీలో ఒక ముసలివాళ్ళ ఆశ్రమంలో మరియరాణి నర్సు, జ్ఞానరాజు సహాయకుడు. ఇరవై నాలుగేళ్ళ పిల్లని పెళ్ళి చేసుకుంటానని ఒకడు నమ్మించాడు. కడుపని తెలియగానే ఊరొదిలి పోయాడు. వాడి పేరు జ్ఞానరాజు ఎప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆదివారం తెలుగు ప్రార్థనకి వచ్చే పదిమందీ మెల్లగా ఆమెతో మాట్లాడటం మానేశారు. మానని వాడు ఈయనొక్కడే.

"బాబు పుట్టాక అడిగాను, పెళ్ళి చేసుకుందాం, బాబుని మన దగ్గరే పెంచుకుందాం అని. నాకప్పటికే మీ మమ్మీ అంటే ప్రాణం. కానీ రాణి వద్దంది. బాబుతో నర్సాపురంలో అడుగుపెడితే మా నాన్న ఉరేసుకుంటాడంది. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ వద్దంది. మేం అద్దెకున్న ఇంటావిడ, డోరతీ అని మంచి మనిషి, పిల్లల్లేరు. ఆవిడ పెంచుకుంటానంది. పేరు మార్చొద్దని మాత్రం బతిమాలుకున్నాను. బాబుకి ఏడాది దాటాక మా పెళ్ళయింది."

"మమ్మీ వద్దందా? మమ్మీయే వదిలేసి వచ్చేసిందా?"

"తప్పు పట్టకమ్మా. నీకంటే మూడేళ్ళే పెద్దది అప్పుడు. ఆ ఒక్క మాట అన్నందుకు ఎన్నేళ్ళు ఏడ్చిందో నాకు తెలుసు. ఆ తర్వాత ఆ ఊరి పేరు ఎత్తనివ్వలేదు. చూసొద్దాం రాణీ అని ఎన్నిసార్లడిగానో. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. డోరతీ ఏడాదికో క్రిస్మస్ కార్డు వేస్తుంది, అబ్బాయి ఎలా ఉన్నాడో నాలుగు ముక్కలు రాసి. మా అడ్రసు వాడికి ఇవ్వనని మాటిచ్చింది. ఆ కార్డు కూడా రాణి విప్పేది కాదు. తెచ్చి నా చేతిలో పెట్టేసేది." ఆగి, కూతురి మొహంలోకి చూశాడు. "అది సరేగానీ, ఇంగ్లండంత దేశం ఉండగా నీకు ఈ ఊరే ఎలా దొరికిందమ్మా? ఈ హోటలే ఎలా దొరికింది?"

"నాక్కాదు డాడీ. ఈలీయే కావాలంది మమ్మీ. ఫైన్ డైనింగే కావాలంది. నీకు చెప్పొద్దంది."

జ్ఞానరాజు చేతిలోంచి లంచ్ బాక్సు జారి కాళ్ళ దగ్గర పడింది. తీసుకోలేదు.

"రాణేనా?"

"ప్రతి ఈమెయిల్‌కీ కింద పేరేంటని అడిగేది. నేను పిచ్చిదానిలా చదివి వినిపించేదాన్ని."

"పోయినేడు కార్డు రాలేదు" అన్నాడాయన తనలో తను. "డోరతీకి పెద్దవయసు కదా, మర్చిపోయి ఉంటుందనుకున్నాను. అంటే వచ్చిందన్నమాట. రాణి విప్పి చదివిందన్నమాట. ఫైన్ డైనింగులో పని అని రాసుంటుంది, ఏ హోటలో రాసుండదు. అందుకని నీ చేత అన్నీ వెతికించింది." నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "నన్నడిగితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి కదమ్మా. పాతికేళ్ళు నేనే కదా అడిగింది. నాకెందుకు చెప్పలేదు?"

మమ్మీ తప్పు చేసిందా, డాడీ మోసపోయాడా, అసలు ఇందులో షీనా ఎవరిని ఓదార్చాలి? తనకి ఒక అన్న ఉన్నాడన్న సంగతి ఇంత గొడవలో ఇంకా తన వంతు కోసం ఎదురుచూస్తూ వెనక సీట్లో కూర్చున్నట్టే ఉంది. కార్లో గడియారం ఆరూ యాభై ఒకటి చూపిస్తోంది.

"డాడీ, ఏడుకి టేబుల్ పోతుంది. ఇంటికెళ్ళి మమ్మీనే అడుగుదామా?"

"వద్దు. నాకు తెలిసిందని తెలిస్తే భయపడిపోతుంది, అసలు ప్రయాణమే వద్దంటుంది. ఇన్నేళ్ళకి తనంతట తను ఒక అడుగు వేసింది. వేసినట్టు మనకి తెలియనే తెలియదు, సరేనా?" కళ్ళు తుడుచుకున్నాడు. "నొక్కు."

"ఆర్ యూ ష్యూర్?"

"మీ మమ్మీ ఒక్కసారి వాణ్ణి కళ్ళారా చూసుకోవాలమ్మా. ఆ టేబుల్ పోతే మళ్ళీ ధైర్యం చెయ్యదు. నొక్కమంటున్నానా!"

షీనా నొక్కింది. 'మీ టేబుల్ ఖాయమైంది' అని తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. జ్ఞానరాజు వంగి లంచ్ బాక్సు తీసుకుని, "పద, కొత్తిమీర..." అనబోయాడు.

ఫోన్ మోగింది. కారుకి కలిపి ఉన్న ఫోన్ కదా, మోత కారంతా నిండిపోయింది. తెర మీద ఇంగ్లండు నంబరు. షీనా కంగారులో కట్ చెయ్యబోయి పచ్చ గుర్తు నొక్కేసింది.

"హలో, షీనాగారేనా? ఆల్డర్ హౌస్ నుంచి ఏతాన్‌ని." స్వచ్ఛమైన ఇంగ్లీషు, మర్యాదగా ఉన్న కుర్రగొంతు, నాలుగు మూలల నుంచీ వచ్చింది. "ఇప్పుడే పనిలోకి వచ్చి మీ ఈమెయిల్ చూశాను. మీరు మెనూ కార్డు కోసం పంపిన పేర్లు సరైనవేనా అని..."

"సరైనవే" అంది షీనా.

అటు పక్క పళ్ళేలు సర్దుతున్న చప్పుడు దూరంగా వినిపించింది. తర్వాత తలుపు మూసిన చప్పుడు, ఆ పళ్ళేల చప్పుడు ఆగిపోవడం.

"క్షమించాలి. ఇది ఉద్యోగానికి సంబంధించిన మాట కాదు. నా బర్త్ సర్టిఫికెట్ మీద రెండు పేర్లున్నాయి. ఆ రెండూ అక్షరం పొల్లు పోకుండా మీరు కార్డు కోసం పంపిన దాంట్లో ఉన్నాయి." ఆ గొంతులో మర్యాద సడలుతోంది. "వాళ్ళు విడిపోయారని, అందుకే నన్ను ఉంచుకోలేకపోయారని అనుకుంటూ పెరిగాను. మీరేమో ఇరవై ఐదేళ్ళు అని రాశారు. నాకు ఇరవై ఆరు. ఇద్దరూ కలిసే ఉన్నారా? కలిసే ఉండి, పెళ్ళి చేసుకుని, మిమ్మల్ని కని, మిమ్మల్ని పెంచుకుని... మరి నేనేం చేశాను?"

నీకు తెలిసింది తప్పు, ఈయన నీకు ఏమీ కాడు, అయినా నిన్ను కావాలన్న వాడు ఈయనొక్కడే అని షీనాకి అరిచి చెప్పాలనిపించింది. నోరు తెరిచింది. జ్ఞానరాజు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"నేను పక్కనే ఉన్నాను బాబూ" అన్నాడు, తెలుగులో. తర్వాత గుర్తొచ్చి ఇంగ్లీషులోకి మారాడు. "జ్ఞానరాజుని. కార్లోనే ఉన్నాను, అంతా విన్నాను."

అటు పక్క కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మీ అమ్మ తప్పేం లేదు" అన్నాడు జ్ఞానరాజు. "ఆవిడ నిన్ను తీసుకెళ్దామని ఏడ్చింది. నేనే వద్దన్నాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ వద్దన్నాను. అంతా నాదే బాబూ. ఏమన్నా అనాలంటే నన్నను."

షీనా తండ్రి వైపు చూసింది. చీకట్లో ఆయన చెవులు ఏ రంగులో ఉన్నాయో కనిపించలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఇది మీ నోటితో వినాలని ఇన్నేళ్ళు ఎదురుచూశాను" అన్నాడు ఏతాన్. గొంతులో మేనేజరు లేడు. "టేబుల్ ఉంచుతాను. ముగ్గురికి కాదు, ఇద్దరికి. మా అమ్మని పంపండి. షీనాని పంపండి. మీరు మాత్రం రావద్దు. నేను బతికున్నంతకాలం మీ మొహం నాకు చూపించొద్దు."

జ్ఞానరాజు మెల్లగా తలాడించాడు, అటు పక్కవాడికి కనిపిస్తుందన్నట్టు.

"అలాగే బాబూ" అన్నాడు. "రాను."